గొడ్డలి ఎత్తే ముందు పార పట్టుకుందాం



ధ్యానభాగం: లూకా 13:6-9, ద్వితీయోపదేశకాండము 20:19-20. బైబిలు పక్కన పెట్టుకొని చదవండి.

మామిడి కోతలు ముగింపుకొచ్చాయి. నున్న మార్కెట్‌కు పోయే బండ్లు తగ్గాయి. మృగశిర కార్తె వచ్చింది, తొలకరి కోసం ఆకాశం వైపు చూస్తున్నాం. ఈ రోజుల్లో మైలవరం మొదలుకొని రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు దాకా ఏ అరుగు మీద కూర్చున్నా వినబడేది ఒకటే ప్రశ్న: "తోట ఉంచుదామా, కొట్టిద్దామా?" తాతలు నాటిన చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి చెట్లు కట్టెల ధరకు పోతున్నాయి. వాటి చోట పామాయిల్ వస్తోంది, మొక్కజొన్న వస్తోంది, రోడ్డు పక్కనైతే ప్లాట్ల రాళ్ళు వస్తున్నాయి.

దీనితో పాటు ఇంకో మాట కూడా ఆరాధన అయ్యాక మన మందిరాల ముందు వింటున్నాం. "అయ్యగారూ, ఇవన్నీ అంత్యదినాల గుర్తులు. వానలు తప్పుతాయి, ఎండలు మండుతాయి. వాక్యంలో ఉన్నదే జరుగుతోంది. ప్రార్థన తప్ప మనం చేయగలిగిందేముంది?"

ఈ మాట అనేవారి భక్తిని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఈ మాటతో ఏకీభవించలేం. ప్రభువు రాకడ ఏనాడన్నది తండ్రికే తెలుసు. ఆయన వచ్చేసరికి దాసుడు పనిలో ఉండాలన్నది మాత్రం మనకు తెలుసు. దేవుడు మనిషికి అప్పగించిన మొట్టమొదటి పని తోటపని. ఆదికాండము 2:15 తీసి చూడండి. తోటను సాగు చేయమన్నాడు, దాన్ని కాపాడమన్నాడు. ఆ పనిని ఆయన రద్దు చేసినట్టు ఎక్కడా రాయబడలేదు.

అందుకే మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. కాలం మారిందని గొడ్డలి ఎత్తే ముందు, ప్రార్థన చేశాం కదా అని ఊరుకునే ముందు, పార పట్టుకుందాం. చెట్టు పాదులో చేయవలసిన పని, నేలకు చేయవలసిన సేవ, ఆ నేల మీద చెమటోడ్చే మనిషికి చేయవలసిన న్యాయం, ఈ మూడూ ప్రార్థనలో భాగమే.

పూతకు ఏమైంది?

మామిడి చెట్టుకు తన లెక్క ఉంటుంది. కోతలయ్యాక తొలకరికి కొత్త చిగురు వేస్తుంది. ఆ చిగురు అక్టోబరు నాటికి ముదరాలి. ఆ తర్వాత నేల ఆరాలి, రాత్రులు చల్లబడాలి. అప్పుడే ముదిరిన కొమ్మ చివర పూమొగ్గ కడుతుంది, డిసెంబరు, జనవరి నెలల్లో పూత విచ్చుకుంటుంది. ఆ పొడి రోజుల్లో వాన పడితే చెట్టు పూతకు బదులు మళ్ళీ చిగురు వేస్తుంది.

ఇప్పుడు ఈ మధ్య వచ్చిన తుఫానుల తేదీలు చూడండి. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం వైపు దాటింది. రెండూ చెట్టుకు పొడి కావలసిన రోజులే. వరి పడిపోతే కంటికి కనిపిస్తుంది, మామిడికి జరిగిన నష్టం జనవరి దాకా కనిపించదు. పూత ఆలస్యమైతే పిందె మార్చి ఎండలకు చిక్కి రాలిపోతుంది. మబ్బు, మంచు పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు, తామర పురుగు. వాటికి మందు మీద మందు. చివరికి కాయ నిలిచినా ఏప్రిల్, మే నెలల ఈదురు గాలికి ఒక్క రాత్రిలో నేల రాలుతుంది. భారత వాతావరణ శాఖ 1901 నుంచి రాసుకున్న లెక్కల్లో 2024 అన్నిటికన్నా వేడి సంవత్సరం. కాబట్టి ఇది మన ఒక్క ఊరి దురదృష్టం కాదు. ఎక్కడెక్కడో మండించిన బొగ్గు, చమురు పొగ ఇక్కడ మన పూత మీద పడుతోంది.

ఇంత నష్టం చూశాక చెట్టు కొట్టించిన రైతును మనం నిందించకూడదు. అప్పుకు వడ్డీ కడుతున్నవాడికి ఉపదేశం తేలిక కాదు. అయితే చెట్టు స్థానంలో ఏం పెడుతున్నామో కూడా చూడాలి. పామాయిల్‌కు ప్రభుత్వ రాయితీ ఉంది, గెలలు కొనే కంపెనీ ఉంది, నిజమే. కానీ ఆ చెట్టు నీళ్ళ చెట్టు. వేసవిలో ఎదిగిన ఒక్కో చెట్టు రోజుకు దాదాపు 200 లీటర్లు, ఇంకా ఎక్కువే అడుగుతుంది. కాలువ కింద ఉన్నవారి సంగతి వేరు. బోరు మీద బతికే మెట్టలో ఆ నీళ్ళు ఎన్నేళ్ళు వస్తాయి? కరువును తట్టుకునే లోతు వేరు ఉన్న చెట్టును తీసి, నీళ్ళు లేకపోతే నిలవలేని చెట్టును పెట్టడం కాలం మారినదానికి జవాబు అవుతుందా? ఆలోచించండి.

వాన తాగే నేల

ద్వితీయోపదేశకాండము 11:10-12లో మోషే ఇశ్రాయేలీయులకు ఒక తేడా చెబుతాడు. ఐగుప్తులో వారు కాలితో నీళ్ళు తోడి మడులకు పెట్టుకున్నారు. వారు వెళ్ళబోయే దేశమో కొండలు, లోయలు ఉన్న దేశం. ఆకాశపు వాన తాగి బతికే దేశం. ఆ వచనాలు చదివినప్పుడల్లా మనకు మన డెల్టా, మన మెట్ట గుర్తుకు రావాలి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు కాలువ నీళ్ళు వచ్చాయి. మన మెట్టకు అవి ఎక్కలేదు. సాగర్ ఎడమ కాలువ చివర మనం ఉన్నాం. గోదావరి నీళ్ళు తేవాల్సిన చింతలపూడి ఎత్తిపోతల పథకం ఏళ్ళు గడుస్తున్నా పూర్తి కాలేదు. దాని కోసం అడగడం మన హక్కు, అడగాలి. కానీ ఈలోగా మనది వాన తాగే నేల. పడిన వానను తాగనిస్తున్నామా లేదా అన్నదే ప్రశ్న.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలు ఎవరం మరచిపోలేం. బుడమేరు పుట్టేది మన మైలవరం చుట్టూ ఉన్న కొండల్లోనే. ఆ రెండు రోజుల వానకు అది పొంగి, గండ్లు పడి, విజయవాడలో సింగ్ నగర్ వంటి పేటలను ముంచేసింది. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. ఆ నీళ్ళలో మన కొండల మీద, మన చేల మీద పడిన నీళ్ళున్నాయి. అదే నేలలో ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు ఒట్టిపోతాయి. సెప్టెంబరులో పొరుగువాడి ఇల్లు ముంచిన నీరే ఏప్రిల్‌లో మన బోరులో లేని నీరు. అంత వానను ఆపడం ఏ తోట వల్లా కాదు. కానీ బోసి నేల మీద పడిన వాన మట్టిని కోసుకొని పరుగెడుతుంది. ఆకు, గడ్డి కప్పిన నేల మీద పడిన వానలో ఎంతో కొంత కిందికి దిగుతుంది. పొరుగువాడిని ప్రేమించడమంటే వాగుకు పైన ఉన్నవాడు కింద ఉన్నవాడిని తలచుకోవడం కూడా.

తోటమాలి అడిగిన ఏడాది

ఇప్పుడు లూకా 13కు వద్దాం. యజమాని మూడేళ్ళ పాటు వచ్చి చూశాడు. అంజూరపు చెట్టుకు ఒక్క కాయ లేదు. నరికేయమన్నాడు, నేల దండగ అన్నాడు. తోటమాలి మాత్రం ఒక్క ఏడాది గడువు అడిగాడు. చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను, అప్పటికీ కాయకపోతే మీ ఇష్టం అన్నాడు.

ఈ ఉపమానం మొదట మన మారుమనస్సు గురించినది. దాన్ని వ్యవసాయ పాఠంగా కుదించడం మా ఉద్దేశం కాదు. అయినా ప్రభువు పల్లె మనుషుల మధ్య తిరిగినవాడు, తోటపని ఎలా ఉంటుందో తెలిసే ఈ కథ చెప్పాడు. మూడు సంగతులు గమనించండి. మొదటిది, ఆ అంజూరపు చెట్టు ద్రాక్షతోటలో ఉంది, అంటే ఒకే తోటలో రెండు పంటలు. రెండోది, తోటమాలి అద్భుతం చేస్తానని అనలేదు. తవ్వడం, ఎరువు వేయడం, అంతే. మూడోది, గొడ్డలి ఎప్పటికీ వద్దని కూడా అనలేదు. పార వంతు అయ్యాకే గొడ్డలి వంతు అన్నాడు. ద్వితీయోపదేశకాండము 20లో కూడా దేవుడు యుద్ధం జరుగుతున్నప్పుడు సైతం పండ్ల చెట్ల మీద గొడ్డలి వేయవద్దన్నాడు. ముట్టడిలోనే కాపాడమన్న చెట్టు మీద, ధర పడిపోయిన ఒక్క ఏడాది కోపం చూపవచ్చా?

ఈ తొలకరికి పార వంతు ఏమిటో మన నేలకు తగినట్టు చెప్పుకుందాం.

పాదు తవ్వేటప్పుడు మొదలు దగ్గర కాదు, మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ పడే అంచు చుట్టూ. ఆహారం తీసుకునే సన్నవేళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే. బాగా చివికిన పశువుల ఎరువు అక్కడ వేసి, దాని మీద ఎండుటాకు కప్పండి. రాలిన ఆకుకు నిప్పు పెట్టకండి. అది చెట్టు నేలకు తిరిగి ఇచ్చిన కానుక.

ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు ఈ నెలలోనే తీయించండి. లోపలికి వెలుతురు, గాలి ఆడితే తేనెమంచు పురుగుకు చోటు తగ్గుతుంది. ఆలస్యంగా కత్తిరిస్తే చిగురు ఆలస్యం, పూత ఇంకా ఆలస్యం. చెట్టు మరీ ముదిరిపోతే మొదలంటా తీయాలని లేదు. పెద్ద కొమ్మలు నరికి కొత్త చిగురు తెప్పించే పునరుద్ధరణ పద్ధతి ఉంది. కాపు రావడానికి రెండు మూడేళ్ళు ఆగాలి. కొత్త మొక్క నాటినా ఆగాల్సిందే కదా.

సాళ్ళ మధ్య నేలను బోసిగా ఉంచవద్దు. తొలకరికి జనుము, జీలుగ, పిల్లిపెసర, అలసంద, ఉలవ కలిపి చల్లండి. పూత దశకు రాగానే నేలలో కలిపేయండి, లేదా కోసి పాదుల్లో పరచండి. అలసంద, ఉలవ ఇంటి కూడు కూడా అవుతాయి. వాలుకు అడ్డంగా కందకాలు, తోట పల్లంలో ఒక పంట కుంట ఉంటే పడిన వాన కొంతైనా మనదవుతుంది.

అక్టోబరు దాటాక మాత్రం నీళ్ళు, దుక్కి ఆపాలి. పూత కోసం రైతులు కల్టార్ అని పిలిచే మందు పోయడం అలవాటైంది. దాన్ని మోతాదు మించి, సత్తువ లేని చెట్టుకు ఏటా పోస్తే చెట్టు నీరసిస్తుంది. ఒక ఏడాది కాసి ఒక ఏడాది విశ్రమించడం మామిడికి దేవుడు పెట్టిన స్వభావం. నిర్గమకాండము 23:10-11లో ఏడో ఏట విశ్రాంతి పొలానికే కాదు, ద్రాక్షతోటకు, ఒలీవ తోటకు కూడా ఇచ్చాడు. విశ్రాంతి లేనిది ఏదీ ఎక్కువ కాలం ఫలించదు.

ఇవి ఎవరికో కలలో వచ్చిన మాటలు కావు. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది. దానికి వెన్నెముక మన డ్వాక్రా మహిళలే. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యక్రమానికి కూడా వచ్చింది, మరో ఇద్దరితో పంచుకుంటూ. అందులో చెప్పే జీవామృతం పెద్ద ఖర్చేమీ కాదు. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. కొందరు విశ్వాసులు "ఆవు పేడ, ఆవు మూత్రం అంటున్నారు, ఇది మనకు తగునా?" అని అడుగుతున్నారు. ఉపమానంలో తోటమాలి వేస్తానన్నది కూడా ఎరువే కదా. అది పూజ కాదు, పేడ. నేలకు మతం లేదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. పంటలు పడిపోయి, కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గింది. నేల ఒక్క రోజులో చెడలేదు, ఒక్క రోజులో బాగుపడదు. కాబట్టి తోటంతా ఒకేసారి మార్చకండి. పది చెట్లతో, ఒక ఎకరంతో మొదలుపెట్టండి. నూజివీడు మామిడి పరిశోధనా స్థానంలో, ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగి చేయండి.

తోటమాలి మాట వినే యజమాని

ఉపమానంలో తోటమాలికి ఒక మేలు ఉంది. ఏడాది గడువు అడిగేంత చనువు, ఆ మాట వినే యజమాని. మన తోటల్లో ఆ చనువు ఎందరికుంది? చాలా తోటలు ఏడాది గుత్తకు పోతాయి. వచ్చే ఏడు తనది కాని చెట్టుకు ఎవడు పాదు తవ్వుతాడు? ఎవడు పచ్చిరొట్ట చల్లుతాడు? అందినంత కాయ పిండుకొని వెళ్ళిపోతాడు, అది అతని స్వార్థం కాదు, ఆ ఒప్పందం తీరు. నేలను బాగుచేయాలంటే గుత్త కనీసం మూడు నుంచి ఐదేళ్ళుండాలి. గాలివాన వచ్చి కాయ రాలిన ఏడు గుత్త తగ్గించే మాట ముందే రాసుకోవాలి.

పత్తి, మిర్చి, మొక్కజొన్న వేసే కౌలు రైతుల సంగతీ అంతే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల పత్రం ఇస్తే కౌలుదారుకు పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి దారి దొరుకుతుంది. యజమాని భూమి హక్కు ఎక్కడికీ పోదు. అయినా సంతకానికి భయపడేవారున్నారు. తుఫాను వచ్చినప్పుడు నష్టం ఒకరికి, పరిహారం మరొకరికి పోతే దేవుని యెదుట అది న్యాయమా? సంఘంలో భూమి ఉన్న పెద్దలను, చర్చికి భూమి ఉన్నచోట కమిటీలను ప్రేమతో అడుగుతున్నాం: ఆ సంతకం పెట్టండి. ఆదివారం పక్కపక్కన కూర్చొని ఒకే రొట్టెలో పాలు పంచుకునేవాళ్ళం. సోమవారం ఆ కాగితం దగ్గర విడిపోకూడదు.

కూలికి వచ్చే తల్లులను కూడా తలచుకుందాం. బోయజు తన చేలో పరిగె ఏరుకునే రూతుతో, దాహమైతే పనివాళ్ళు తోడిన నీళ్ళు తాగమని చెప్పాడు. రూతు 2:9లో ఉంది. చేలో నీళ్ళకుండ ఉండడం అంత ముఖ్యమని వాక్యం రాసిపెట్టింది. మే ఎండల్లో కాయ కోసేవారికి, మోసేవారికి తెల్లవారుజామునే పని మొదలై పదిన్నరకల్లా ఆగేలా చూడండి. నీడ, నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ ఉంచండి. వేళ తగ్గిందని కూలి తగ్గించవద్దు.

కరువులో మన సంఘాలు ఏం చేశాయి?

ఇదంతా సంఘం పనా అని ఎవరైనా అడిగితే మన తెలుగు క్రైస్తవుల చరిత్రే జవాబు చెబుతుంది. 1876-78 ధాత కరువు నాడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఏం చేశారు? బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకున్నారు. ఆయన అంతకుముందు సర్వే పని తెలిసినవారు. సువార్తికులను మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి, కూలి ఇచ్చారు. కరువు రోజుల్లో మాత్రం బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం ప్రభువును ఒప్పుకున్నారన్న మాట రాకూడదని. సహాయ పనులు ముగిశాకే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ 2,222 సంఖ్యను మన సభల్లో తరచూ వింటాం. దాని ముందున్న పారను, తట్టను మాత్రం అరుదుగా వింటాం. కరువు దేవుని చిత్తమని చేతులు కట్టుకోలేదు ఆ సంఘం. మోకరించింది, లేచి మట్టి తవ్వింది. మన విశ్వాసపు వేరు ఆ మట్టిలో ఉంది.

ఈ ఏడాదికి మూడు పనులు

ఒకటి. తోట ఉన్న ప్రతి కుటుంబం పది చెట్లు ఎంచుకొని, పైన చెప్పిన పాదు, ఎరువు, కప్పు, పచ్చిరొట్ట పని చేయాలి. కొట్టించాలనుకున్న తోటైతే ఉపమానంలోని ఆ ఒక్క ఏడాది దానికి ఇవ్వాలి.

రెండు. కోత పండుగకు ప్రథమ ఫలాలతో పాటు విత్తనాలు కూడా తీసుకురావాలి. ఒక పొట్లం జనుము, ఒక దోసెడు ఉలవ, అలసంద, కంది. బలిపీఠం ముందు పెట్టి ప్రార్థించి, భూమి చిన్నదైన వారికి పంచుదాం. మందిరపు ఆవరణలో కప్పు మీద పడే వాన ఇంకడానికి గుంట తవ్వుదాం. బోధించేది ముందు మందిరంలో కనబడాలి.

మూడు. గుత్త ఇచ్చేవారు, తీసుకునేవారు సంఘ పెద్దల ముందు కూర్చొని ఒప్పందాన్ని మూడేళ్ళకు మార్చుకునే మాట మాట్లాడుకోవాలి.

ఏడాది తర్వాత ఆ చెట్టు కాయకపోవచ్చు. తోటమాలి కూడా ఖాయమని చెప్పలేదు. ఆ కథ చివర చెట్టు కాసిందో లేదో ప్రభువు చెప్పనే లేదు. తవ్వవలసిన పని మాత్రం స్పష్టంగా చెప్పాడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, వానను పంపేవాడవు నీవే, నేలను మాకు అప్పగించినవాడవు నీవే. తొలకరి వానకు ముందు మా చేతులకు పని నేర్పుము. భూమి ఉన్నవారికి న్యాయమైన మనస్సు, భూమి లేనివారికి ధైర్యం దయచేయుము. అప్పుల్లో ఉన్న రైతు కుటుంబాలను, ఎండలో పనిచేసే బిడ్డలను, బుడమేరు పక్కన నివసించే ప్రతి ఇంటిని నీ రెక్కల నీడలో కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.